పుస్తకంలోకి ఎక్కని ఇంటిపేరు

శనివారం ఉదయం ఏడున్నరకు ఆల్ఫోన్స్ ఎల్లర్‌కోటర్ పందుల కొట్టంలో పని ముగించుకుని వచ్చాడు. బూట్లు గుమ్మం బయట విప్పి వంటింటి బల్ల దగ్గర తన కుర్చీలో కూర్చున్నాడు. భార్య మెక్టిల్డ్ గుడ్లు ఉడకబెట్టింది. కూతురు లియోబా తెచ్చిన రొట్టెలు బుట్టలో ఉన్నాయి. లియోబాకు కాబోయే భర్త టోర్బెన్ ష్మిట్ అందరికీ కాఫీ పోస్తున్నాడు. పాలు పితికే యంత్రాలు బాగుచేయడం అతని పని.

పెళ్లి వచ్చే శుక్రవారం పదకొండు గంటలకు, రిజిస్ట్రారు ఆఫీసులో. గురువారం ఇరుగుపొరుగు వచ్చి గుమ్మానికి పచ్చకొమ్మల తోరణం కడతారు. దానికి కావలసిన కాగితపు గులాబీలు అలమర మీద రెండు డబ్బాల్లో ఉన్నాయి.

"ఆల్ఫోన్స్ గారూ, ఒక మాట," అన్నాడు టోర్బెన్. "పెళ్లయ్యాక నేను లియోబా ఇంటిపేరు పెట్టుకుందామనుకుంటున్నాను. శుక్రవారం ఆఫీసులో చెప్పాలి. ముందు మీ చెవిన వేద్దామని."

ఆల్ఫోన్స్ చెంచాతో గుడ్డు పెంకు కొడుతున్నవాడు ఆగాడు.

"మా వర్క్‌షాపులోనే ముగ్గురు ష్మిట్‌లం," అని టోర్బెన్ నవ్వాడు. "ఒకడు తగ్గితే ఎవరికీ తెలియదు. ఈ పొలంలో ఎల్లర్‌కోటర్ అంటే మీతోనే ఆఖరంటున్నారు కదా."

ఆ సంగతి ఊళ్లో అందరికీ ఆల్ఫోన్సే చెప్పాడు. ఎల్లర్ అంటే వాగు గట్టున నీళ్లలో వేళ్లు పెట్టుకుని పెరిగే చెట్టు. కోటర్ అంటే ఒక గుడిసె, చిన్న పొలం చెక్క మాత్రమే ఉన్న రైతు. టెలిఫోన్ పుస్తకాలన్నీ తిరగేస్తే దేశంలో పదకొండు ఇళ్లు తేలాయి. పదకొండూ ఈ గడప దాటి వెళ్లినవే. నాలుగు వందల ఏళ్ల వంశచరిత్ర రాసి, రెండు వందల ప్రతులు అచ్చు వేయించాడు. అతనికి కొడుకులు లేరు.

"ఇంటిపేరు కొట్లో చొక్కానా, నచ్చిందని తొడుక్కోవడానికి?" అన్నాడు ఆల్ఫోన్స్. "పేరుతో పుట్టాలి. అడిగితే వచ్చేది కాదు."

"నాన్నా, పేరు పోతుందని ఏడ్చేది నువ్వే కదా," అంది లియోబా.

"పోతే పోనీ. తండ్రి పేరు వదిలేసినవాడు రేపు దేన్ని పట్టుకుని ఉంటాడు? పొలం చూసి, పెళ్లాన్ని అడ్డం పెట్టుకుని ఇంట్లో దూరే పాలేరు బుద్ధి ఇది."

మెక్టిల్డ్ చేతిలో ఉప్పు డబ్బా బల్ల మీద పెట్టేసింది.

టోర్బెన్ చేతులు తుడుచుకున్నాడు. "ముందు మా నాన్న దగ్గరికే వెళ్లాను," అన్నాడు. "ముప్పై ఏళ్లు బస్సు నడిపినవాడు. 'మన పేరు మోయడానికి చాలామంది ఉన్నారు, వాళ్ల పేరు నువ్వు మొయ్యిరా' అన్నాడు. మీరన్న మాట ఆయనకు చెప్పను." లేచాడు. "తోరణం వద్దు. మ్యూన్‌స్టర్ పట్నంలో ఇద్దరు సాక్షులతో చేసుకుంటాం. నేను ష్మిట్‌గానే ఉంటాను."

లియోబా కోటు తీసుకుంది. గుమ్మం దగ్గర ఆగి, "శుక్రవారం నువ్వు రావద్దు నాన్నా," అంది.

కారు వెళ్లిన చప్పుడు వినబడింది. ఆల్ఫోన్స్ గుడ్డు ఒలిచాడు కానీ తినలేదు.

మెక్టిల్డ్ బల్ల మీద పరిచే గుడ్డలుండే సొరుగు తెరిచి, అడుగునుంచి ఒక కాగితం తీసి అతని ముందు పెట్టింది. చర్చి పెళ్లి పుస్తకంలోని ఒక పేజీకి నకలు. ముప్పై ఒక్క ఏళ్ల కిందట ఇద్దరూ కలిసి వెళ్లి తెచ్చుకున్నది. పాత చేతిరాత ఆల్ఫోన్స్‌కు చదవడం రాదు. మెక్టిల్డ్‌కు వాళ్ల అమ్మమ్మ నేర్పింది. ఆ రోజు చదివి వినిపించింది ఆమే.

"ఇదింకా ఉంచావా?" అన్నాడు.

"పారెయ్యమన్నావు. పారెయ్యలేదు."

"అప్పట్లో అది ఆచారం మెక్టిల్డ్. పొలంలోకి అల్లుడొచ్చినా, రెండో మొగుడొచ్చినా ఆ ఇంటి పేరే వాడి పేరు. ఇక్కడ ప్రతి ఇంట్లోనూ అంతే."

"ఆచారమే అయితే నీ పుస్తకంలో ఎందుకు రాయలేదు?"

ఆల్ఫోన్స్ కాగితాన్ని పక్కకు నెట్టాడు.

"ఈ కాగితంలోని వితంతువుకు మొదటి మొగుడి వల్ల పిల్లలు లేరు. నువ్వు లెక్కపెట్టిన పదకొండు ఇళ్లూ ఆమె మళ్లీ చేసుకున్న పాలేరు సంతానమే. ఇవాళ పొద్దున ఆ పిల్లాణ్ణి ఏమని తిట్టావో నీకు తెలుసు. తెలిసే తిట్టావు."

"రాస్తే బారులో నన్ను ఏమని పిలిచేవాళ్లు?"

"నీ పేరుకు అర్థమే గుడిసె. గుడిసె పేరు పెట్టుకుని కోటలో ఉన్నట్టు మాట్లాడతావు." ఆమె కుర్చీలో కూలబడింది. "నీ ఒక్కడి తప్పే కాదులే. పుస్తకం విడుదల రోజున ముందు వరసలో కూర్చుని నేనూ చప్పట్లు కొట్టాను. అబద్ధమని తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే అనుకుంటూ కొట్టాను. ఆ చేతులతోనే ఈ ఇంట్లో ఇన్నేళ్లు వండాను."

ఆల్ఫోన్స్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "వాళ్ల దగ్గరికి వెళ్తున్నాను. నువ్వూ రా. చదవడం నీకే వచ్చు."

"ఒకసారి చదివాను. ఈసారి నువ్వు చదువు."

టోర్బెన్ అద్దె ఇల్లు ఆరు కిలోమీటర్లు. ఆల్ఫోన్స్ సైకిల్ మీద వెళ్లాడు. తలుపు తీసిన లియోబా లోపలికి రమ్మనలేదు. ఆమె వెనక టోర్బెన్ నిలబడ్డాడు. ఆల్ఫోన్స్ టోపీ తీసి చంకలో పెట్టుకుని, కాగితం రెండు చేతులతో ఎదురుగా పట్టుకున్నాడు.

"పద్దెనిమిది వందల నాలుగు, నవంబరు పదమూడు," అని మొదలుపెట్టాడు. "వితంతువు ఆన్నా కతరీనా ఎల్లర్‌కోటర్‌కు, ఆమె ఇంటి పాలేరు యోహాన్ బెర్న్‌ట్ వెస్సెన్‌డార్ఫ్‌కు వివాహం జరిగింది. ఇక మీదట అతడు ఎల్లర్‌కోటర్. సాక్షులు, చర్చి గంట కొట్టే హెర్మాన్, కమ్మరి డిర్క్."

తడబడకుండా చెప్పాడు. టోర్బెన్ వంగి కాగితంలోకి చూశాడు. అది తలకిందులుగా ఉంది.

"నాన్నా, నీకు ఆ రాత చదవడం రాదు కదా," అంది లియోబా.

"రాదు."

ఆమెకు అర్థమైంది. మెక్టిల్డ్ ఒక్కసారి చదివిన మాటలు ముప్పై ఒక్క ఏళ్లుగా తండ్రి నోట్లో ఉన్నాయి. ఆమె తలుపు వదిలేసి పక్కకు జరిగింది.

"పాలేరు అన్నాను," అన్నాడు ఆల్ఫోన్స్. అతని చెవులు ఎర్రబడ్డాయి. "నాది ఆ పాలేరు రక్తమే. నిన్ను అనడానికి నాకు నోరెలా వచ్చిందో తెలియదు. నీకిష్టమైతే పేరు తీసుకో. లేకపోతే లేదు. పెళ్లికి మాత్రం మా గుమ్మంలోంచే బయల్దేరండి."

"మా ఇద్దరికీ చెప్పావు," అంది లియోబా. "నీ పుస్తకం చదివినవాళ్లకు?"

గురువారం సాయంత్రం నాలుగు గంటలకు ఇరుగుపొరుగు వాళ్లు పద్నాలుగు మంది వచ్చారు. కొమ్మలు కట్టి, గులాబీలు గుచ్చి, తలా ఒక చిన్న గ్లాసు సారా తాగారు. టోర్బెన్ నిచ్చెన మీద ఉన్నాడు. ఆల్ఫోన్స్ తన పుస్తకం తెచ్చి 1804 నాటి పేజీ తెరిచాడు. తాను వదిలేసిన పేరు చెప్పాడు. వదిలేశానని కూడా చెప్పాడు. చెబుతున్నంతసేపూ నేల చూస్తూనే ఉన్నాడు.

ఎనభై ఏడేళ్ల పొరుగు రైతు బ్యూకర్ గ్లాసు కింద పెట్టాడు.

"ఒరేయ్ ఆల్ఫోన్స్, వెస్సెన్‌డార్ఫ్ సంగతి మా తాత నాకు చెప్పాడు. మా ఇంట్లోనే అలా వచ్చినవాళ్లు ఇద్దరున్నారు. ఊళ్లో ఎవరికి తెలియదురా?"

"మరి పుస్తకం విడుదల రోజు హాల్లో చప్పట్లు కొట్టారు కదా."

"నువ్వు పంది మాంసం కూర, బీరు పెట్టావు. పైగా ఆ పేరు చెప్పడానికి నువ్వు సిగ్గుపడుతున్నావని తెలిసింది. నలుగురిలో ఎందుకులే అని ఊరుకున్నాం."

ఎవరూ నవ్వలేదు. ఆల్ఫోన్స్ మెక్టిల్డ్ వైపు చూశాడు. ఆమె ఒళ్లో పెట్టుకున్న చేతులు చూసుకుంటోంది. అతను జేబులోంచి పెన్ను తీశాడు. పుస్తకం మోకాలి మీద పెట్టుకుని, 1804 పక్కన వెస్సెన్‌డార్ఫ్ అని రాశాడు. చివరి పేజీకి వెళ్లి, లియోబా పేరు పక్కన టోర్బెన్ ష్మిట్ అని రాసి ఆగాడు. కళ్ల నీళ్లు అడ్డొచ్చి గీత కనబడలేదు.

"ఆ తర్వాత ఏం రాయాలి?" అని అడిగాడు.

"ఇక మీదట ఎల్లర్‌కోటర్," అన్నాడు టోర్బెన్ నిచ్చెన మీదనుంచి. "రాసి, ఈ చివర కాస్త పట్టుకోండి. ఒక్కణ్ణే మొయ్యలేను."

ఆల్ఫోన్స్ రాసి, పెన్ను జేబులో పెట్టుకుని, తోరణం చివర పట్టుకున్నాడు.