మూడోసారి పిలువని దెయ్యం

"పూర్ణిమా... పూర్ణిమా..."

నీలం గేటు గోడ అవతలి నుంచి వచ్చిందట ఆ పిలుపు. సైదులన్న ఆటో సరిగ్గ ఆ గేటు ముంగటనే ఆగిపోయింది. పొద్దుమూకి మస్తు సేపయింది. పక్కూరు హిమాయత్‌నగర్‌ల కైకిలి కూలోళ్లను దించి ఒక్కడే వస్తున్నడు. హ్యాండిల్ గుంజుతనే ఉన్నడు, బండి మొరాయిస్తనే ఉన్నది.

ముందుగాల ఎవరో గొంతు సవరించుకున్నరట... అటెన్క పిలుపు. సన్నగ, గుసగుసగ, ఎన్నో దినాల సంది కడుపుల దాచుకున్న మాట లెక్క.

సైదులన్న హ్యాండిల్ ఇడిసిండు. మూడోసారి కోసం చెవులు పెట్టిండు.

మూడోసారి రాలే.

అంతే — ఆటోను ఆడనే వదిలేసి మా చాయ హోటల్ దాక ఉరికొచ్చిండు. ఒక కాలికి చెప్పున్నది, ఒక కాలికి లేదు. మా పెద్దమ్మ ముత్తమ్మ ఇచ్చిన నీళ్లు గటగట తాగిండు. తాగినంక పొయ్యి కాడ నిలబడ్డ మా అక్కను చూసి, చెంబు మెల్లగ కింద పెట్టి జర ఎనుకకు జరిగిండు.

ఎందుకంటె మా అక్క పేరే పూర్ణిమ.

మా దిక్కు ఎవరిని అడిగినా చెప్తరు. చీకట్ల ఎవరన్న పేరు పెట్టి పిలిస్తే, మూడోసారి పిలిచేదాక పలుకొద్దు. మనిషయితే మూడోసారి పిలుస్తడు. దెయ్యానికి మూడోసారి పిలిచే వరం లేదు. రెండో పిలుపుకు పలికినోళ్లు పోయినట్టే... ఏడికి పోతరో మాత్రం ఎవలు చెప్పరు.

నీలం గేటుకు అదివరకే మంచి పేరు లేదు. మొయినాబాద్ దాటి సురంగల్ దిక్కు పోతుంటే తొవ్వ వంక తిరిగేకాడ ఉంటది. పట్నంల దుకాణాలున్న రామేశ్వర్ సేటు ఫారమ్ హౌస్ అది. కట్టించిన కొత్తల లోపల నీళ్ల ఫౌంటెన్, ఊయల, కుందేళ్లు, ఏ దేశం నుంచో తెచ్చిన పిట్టలు... అన్నీ ఉండె. సేటు వచ్చుడు తక్కువైనంక ఫౌంటెన్‌కు నాచు పట్టింది. కుందేళ్లు కుక్కల పాలయినయి. పిట్టలు ఎండకు తట్టుకోక పోయినయని వాచ్‌మన్ బాలరాజ్ చెప్పిండు. ఇప్పుడు లోపల సపోట చెట్లు, చీకటి, బాలరాజ్. గంతే.

బాలరాజ్ హిమాయత్‌నగర్ పిలగాడు. మాకు దూరపు చుట్టం, అక్కకు వరుసకు బావ అయితడు. రోజూ దీపాలు పెట్టే యాళ్లకు చాయకు వస్తడు. అక్క ముంగట నిలబడి నోరు తెరుస్తడు, మూస్తడు, మల్ల తెరుస్తడు. ఆఖరికి "ఒక చాయ" అంటడు.

"చాయేనా, ఇంకేమన్ననా?" అని అడుగుతది అక్క.

"...చాయే."

ఈ దెయ్యం సంగతి ఆయనను అడిగితె, నాకేం వినవడలే అన్నడు. సురంగల్ అంత విన్నది, ఆ గేటు లోపల పండుకునేటాయన వినలే. పాపం, దెయ్యం ఆయన చెవులు కట్టేసింది అని చెప్పింది మా ఊరి అంతమ్మ అవ్వ.

అంతమ్మ అవ్వకు దెయ్యాల సంగతి అంత ఎరుకే. పిలుపు అయిపోయినంక ఒక్కోసారి లోపలి నుంచి టీ... టీ... టీ... అని ఒక సప్పుడు వస్తది, కారు ఎనుకకు పోయేటప్పుడు వచ్చినట్టు. ఆడ కారు ఉండదు. అవ్వ దానికి గూడ జవాబు చెప్పింది. దెయ్యం పాదాలు ఎనుకకు తిరిగి ఉంటయి గద, అది నడిస్తే రివర్సే పోవాలె గద అన్నది. విన్నోళ్లందరు తల ఊపిన్రు. నేను గూడ ఊపిన.

కని నా మనసుల వేరే ఉండె. ఇంటర్ తప్పినంక గ్లాసులు కడుక్కుంట నేను ఎన్నో అనుకునేదాన్ని. వెనుకటి దినాలల్ల గండిపేట చెరువు కాడికి వేటకు వచ్చిన ఒక రాజకుమారుడు... తెల్ల గుర్రం... వెన్నెల రాత్రి నీళ్లు ముంచుకుంటున్న పూర్ణిమ అనే పిల్ల... ఆ పిల్లకు మనసుల మాట చెప్పకముందే ఆయన పానం పోయింది. అందుకే పేరు పిలిచి ఆగిపోతడు. మా అక్కే ఆ పిల్ల, మల్ల పుట్టింది. అన్నీ కుదిరినయి. ఆ గొంతు సవరించుకునుడు ఒక్కటే నా కథల ఇమడలే. రాజకుమారుడు ఖ్హు ఖ్హుమంటడా? ఆఖరికి మంచుల నిలబడి జలుబు చేసి పోయిండని సర్దుకున్న.

దెయ్యం పేరును ఊరు దాటించింది ఉదయ్‌భాస్కర్ సారు. గండిపేట కాడ కొత్త అపార్ట్‌మెంట్లల ఉంటడు. ఆదివారం వచ్చిందంటే తెల్లారగట్లనే కార్లేసుకొని పిట్టలను చూడనీకె వచ్చే గుంపుకు ఆయనే పెద్ద. పిట్టలకు కనవడొద్దని వాళ్లంత ఆకుల రంగు బట్టలు ఏసుకుంటరు. కార్లు మాత్రం ఎర్రగ, తెల్లగ ధగధగ మెరుస్తుంటయి. పిట్టలు బెదురుతయని చావు ఇంటికి వచ్చినోళ్ల లెక్క గుసగుసలాడుతరు. మేము కొంగ అని ఊకునేదానికి వాళ్లు పుస్తకం తీసి ఇది ఆ కొంగనా, ఈ కొంగనా అని చాయ చల్లారేదాక కొట్లాడుతరు.

సారు ఒక తొవ్వ పటం తయారు చేసి ఫోన్లల పెట్టిండు. గండిపేట కట్ట మీద పొద్దుపొడుపు. హిమాయత్‌నగర్ టమాట చేన్ల ఫొటోలు. మా హోటల్ల చాయ. చేవెళ్ల మార్కెట్ల బంతిపూలు, ఆడనే టిఫిన్. సైదులన్న కథ విన్నంక మాకూ చేవెళ్లకూ నడిమిట్ల ఇంకొక ఎర్ర చుక్క పెట్టిండు — దెయ్యం పాయింట్.

ఆ చుక్క పెట్టినంక పిట్టలను అడిగేటోళ్లు తక్కువయిన్రు. చెట్టు మీద పాలపిట్ట కూసుంటే దానికి వీపు తిప్పి నీలం గేటు తోటి సెల్ఫీ దిగుతున్రు. ఒక మేడమ్ వచ్చి, దెయ్యానికి ముందుగాల బుక్ చేసుకోవాల్నా అని మా పెద్దమ్మను అడిగింది. బుకింగ్ ఏం లేదు బిడ్డా, చాయ తాగి కూసో, దాని మర్జి అన్నది పెద్దమ్మ.

గిరాకి మంచిగనే ఉండె. ఆదివారం దెయ్యం గిరాకి తెస్తది, మిగిలిన దినాలు సంబంధాలు చెడగొడతది.

శంకర్‌పల్లి దిక్కు నుంచి ఒక సంబంధం వచ్చింది. పిలగాని తల్లి లడ్డు కొరుక్కుంట, దెయ్యం పిలిచేది ఈ పిల్లనేనా అని అడిగింది. సగం లడ్డు ప్లేట్ల పెట్టి లేచి నడిచింది. అటెన్క చేవెళ్లోళ్లు వచ్చిన్రు. వాళ్లు లడ్డు దాక గూడ రాలే.

అక్కకు సంబంధాలు పోయినందుకు ఫికర్ లేదు. ఇంకొకటి ఫికర్. అక్క నాయన, మా పెదబాపు పోయినంక ఆ రేకుల షెడ్డు, ఆ పొయ్యి, ఆ బెంచీలు అన్నీ అక్క నిలబెట్టినయే. ఇప్పుడు పెద్దమ్మ పట్టు పట్టింది. ఈ పిలుపు వినవడనంత దూరం పోతెనే నీ పెండ్లి అయితది, హోటల్‌కు తాళమేసి పరిగిల మా తమ్ముని ఇంటికి పోదాం, ఆదివారం పొద్దుగాలనే బస్సు అన్నది. బట్టలు మూట కట్టింది. పొయ్యిని గూడ కడిగింది.

ఆ మాట విన్న దినం బాలరాజ్ చాయ చల్లారేదాక గ్లాసు పట్టుకొనే నిలబడ్డడు. తాగలే. నోరు తెరిచిండు... మూసిండు... పోయిండు.

శనివారం మాపటికి అక్క నా దగ్గరికి వచ్చి చిన్నగ అన్నది, "శిరీషా, చెప్పులేసుకో. దాన్నే అడుగుత."

"దేన్ని?"

"నా పేరు పిలిచేదాన్ని."

నాకు పోవద్దనే ఉండె. కని రాజకుమారున్ని చూడాలెనని గూడ ఉండె. అక్క కొంగు పట్టుకొని నడిచిన.

నీలం గేటు కాడ మేము ఒంటరిగ లేము. ఉదయ్‌భాస్కర్ సారు గుంపు అప్పటికే వచ్చి ఉన్నది — శనివారం స్పెషల్ అట. టార్చిలకు ఎర్ర కాయితం కట్టుకొని, ఊదుబత్తుల లెక్క నిలబడ్డరు. అందరి మెడలల్ల సొరకాయలంత కెమెరాలు.

గాలి ఆగిపోయింది. ఎక్కడో కుక్క మొరిగి ఊకున్నది. సపోట చెట్లల్ల ఆకు కదిలింది...

ఖ్హు. ఖ్హుమ్.

"పూర్ణిమా... పూర్ణిమా..."

ఎర్ర టార్చిలన్ని ఒక్కసారి వణికినయి. సారు ఏదో ఇంగ్లీషుల చెప్పబోయిండు, గొంతుల నుంచి గాలే వచ్చింది.

అక్క వాళ్ల నడుమ నుంచి నడిచి గేటు తోసింది. తాళం లేదు. కిర్రుమని తెరుచుకున్నది. లోపలికి పోయి చెట్ల కింద నిలబడి చీకటికి చెప్పింది, "పలికిన. ఇగ మూడోసారి పిలువు."

రెండో పిలుపుకే పలికింది... నేను లోపలికి ఉరికి అక్క పక్కన నిలబడ్డ.

ఏం రాలే. అంత నిశ్శబ్దంల మా పైనుంచి, చెట్టు లోపలి నుంచి...

టీ... టీ... టీ...

ఇగ చూడాలె. ఆకుల రంగు బట్టలన్ని కార్లల్ల పడ్డయి. ఒకాయన టోపి పడిపోయింది, దానికోసం ఆగలే. సారు కారు ఎనుకకు తీస్తుంటే అది టీ టీ అన్నది. చెట్టు గూడ టీ టీ అన్నది. కారు అంటే చెట్టు, చెట్టు అంటే కారు. సారు రివర్స్‌లనే పెద్దతొవ్వ దాక పోయిండు.

అక్క ఫోన్ లైటు పైకి పట్టింది.

కొమ్మ మీద ఒక పిట్ట. బూడిద రంగు. ముక్కు చిలుక ముక్కు లెక్క వంపు. తోక మాత్రం ఎర్రగ, కుంకుమ లెక్క. అసొంటి పిట్టను మా దిక్కు ఎవలు చూడలే. తల ఒక పక్కకు వంచి మమ్మల్ని చూసింది. ముక్కు తెరిచి — ఖ్హుమ్ — గొంతు సవరించుకున్నది.

పిట్టలను చూడనీకె అంత దూరం నుంచి వచ్చినోళ్లు, ఈ పిట్టను చూడకుండనే ఉరికిన్రు.

నాకు నవ్వు రావాలె. రాలే. ఎందుకంటె అప్పుడే మా ఎనుక నుంచి...

"పూర్ణిమా."

మూడోసారి.

పిట్ట కాదు. పిట్ట ముక్కు మూసుకొనే ఉన్నది. నేను అక్క కొంగుల మొకం పెట్టిన. అక్క మాత్రం మెల్లగ తిరిగింది.

నా రాజకుమారుడు లుంగీ కట్టుకొని, చేతిల సగం కోసిన జామపండు పట్టుకొని నిలబడ్డడు. బాలరాజ్.

"పిలిచేది అది," అన్నడు. "నేర్పింది నేను."

అటెన్క ఆయన చెప్పింది అతుకుల బొంత లెక్క ఉన్నది, నేనే కలుపుకొని చెప్తున్న. చాయకు వచ్చే ముందుగాల రోజూ ఆ పిట్ట పంజరం ముంగట నిలబడి, అక్కకు చెప్పాల్సిన మాటను నేర్చుకునేటోడట. గొంతు సవరించుకునుడు, పేరు పిలుచుడు, మల్ల పిలుచుడు... పిట్ట అంత విన్నది, సేటు కారు రివర్స్ సప్పుడు నేర్చినట్టే ఇది గూడ నేర్చింది. ఒక దినం మాట ధ్యానంల పడి పంజరం తలుపు మూయలే. మిగిలిన పిట్టలు నిజంగనే ఎండకు పోయినయి, ఇది మాత్రం ఎగిరిపోయింది. సేటుకు తెలిస్తే నౌకరి పోతది. అక్కకు తెలిస్తే ఇజ్జత్ పోతది. అందుకే రెండూ దాచిండు. రోజూ చీకటి పడంగ పండు పట్టుకొని దాన్ని బతిమాలుతున్నడు, దిగిరా తల్లీ, ఊకో తల్లీ అని. అది దిగలే, ఊకోలే.

అక్క అంత విన్నది. కోపం చేస్తదనుకున్న. చేయలే.

"రెండుసార్లు పిలిచి ఆగుడెందుకు?" అని అడిగింది.

"అటెన్క మాట నాకే రాలే," అన్నడు బాలరాజ్. "నాకు రానిది దానికెట్ల వస్తది?"

ఊరంత నన్ను చూసి జరిగి కూసున్నది, లడ్డు సగం తిని పోయిన్రు, నువ్వు రోజూ వచ్చి చాయ తాగి పోయినవు అన్నది అక్క. గట్టిగ అనలే, అందుకే ఆయన తల ఇంకా కిందికి పోయింది.

అటెన్క అక్క ఫోన్ లైటు ఆర్పేసింది. చిమ్మచీకటి. ఎవరి మొకం ఎవరికి కనవడలే.

"తెల్లారితె పరిగి బస్సు," అన్నది చీకట్ల. "ఎక్కాల్నా వద్దా, నువ్వే చెప్పు. ఇప్పుడు నా మొకం గూడ కనవడది. చాయ అంటె మాత్రం ఇగ పొయ్యి కడిగేసినం."

బాలరాజ్ గొంతు సవరించుకున్నడు.

పైన చెట్టు మీద పిట్ట గూడ గొంతు సవరించుకున్నది.

"పూర్ణిమా..." అన్నడాయన. పిట్ట ఊకున్నది, అటెన్క మాట తనకూ తెల్వదు గద. "నువ్వంటె నాకు పానం. బస్సు ఎక్కకు."