కింద ఎనిమిదే ఉంటుంది

బస్సు మూడోసారి హారన్ కొట్టింది. మార్నీ కొట్టంలోంచి కదల్లేదు.

గడ్డిమోపు మీద కూర్చుని, పాలసీసాను కోటు కింద దాచుకుని, దూడ వంక చూస్తోంది. ఆ దూడ పేరు బటన్. తల్లి దగ్గరకు రానివ్వకపోతే మార్నీయే సీసాతో పాలు పట్టి పెంచుతోంది. సీసా ఎక్కడ దాచినా బటన్‌కి తెలిసిపోతుంది. అది కోటు కిందికి ముక్కు దూర్చి ఒకటే పొడుస్తోంది.

వాళ్ల నాన్న గుమ్మంలోంచి తొంగి చూశాడు.

"బస్సొచ్చింది. ఇంకా ఇక్కడే ఉన్నావేం?"

"బటన్ పాలు తాగట్లేదు నాన్నా. ఒంట్లో బాగాలేనట్టుంది. నేను ఉండిపోతా."

వేరే రోజుల్లో అయితే ఆయన దూడను ఒకసారి నిమిరి చూసేవాడే. కానీ అవి ఏప్రిల్ మొదటి రోజులు. ఆవులన్నీ వరసపెట్టి ఈనే కాలం. అవతల దొడ్లో రెండు ఆవులు నొప్పులు పడుతున్నాయి. ఆయన బస్సుని వెళ్లిపొమ్మన్నట్టు చెయ్యి ఊపి, దొడ్డి వైపు పరిగెత్తాడు. మా వైపు ఈ కాలంలో "దూడ కోసం ఉండిపోయాను" అంటే ఏ టీచరూ రెండో ప్రశ్న వెయ్యదు. ఆ సంగతి మార్నీకి బాగా తెలుసు.

బస్సు వెళ్లిపోయింది. సీసా బయటికి తీయగానే బటన్ గుటగుటా తాగేసింది.

ఇదంతా ఎందుకో అర్థం కావాలంటే ముందు మా బడి గురించి రెండు మాటలు చెప్పాలి. నేను ఆ బడిలో వంట చేస్తాను. పిల్లలు నన్ను బెర్నీస్ ఆంటీ అంటారు. ఈ చుట్టుపక్కల బళ్లను చూసుకునే మా స్కూల్ డిస్ట్రిక్ట్ అనగానే ఏదో పెద్దగా ఊహించుకోకండి. ఉన్నది ఒకటే బిల్డింగు. అన్ని తరగతులూ కలిపి డెబ్భై ఒక్క మంది పిల్లలు. డిస్ట్రిక్ట్ మొత్తానికి పెద్దాయన క్రుప్కా సార్. తలుపు మీద సూపరింటెండెంట్ అని రాసి ఉంటుంది గానీ, ఆ తలుపు వెనక ఆయన కనబడితే ఒట్టు. పొద్దున బస్సు నడుపుతారు. మంచు పడితే మెట్లు ఊడుస్తారు. పెద్ద క్లాసులకు లెక్కలు చెబుతారు. ఒకసారి నాకు చెయ్యి కాలితే ఆయనే వడ్డించారు. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ పెట్టేసి, సగం మందికే నా గిన్నెలు ఖాళీ చేశారు.

బడిని నడిపేది బోర్డు. ఊరివాళ్లు ఓట్లేసి ఎన్నుకున్న ఆరుగురు అందులో ఉంటారు. మార్నీ వాళ్లమ్మ జోలీన్ ఆ ఆరుగురిలో ఒకరు. కిందటి గురువారం సాయంత్రం బడి లైబ్రరీలో బోర్డు మీటింగ్ జరిగింది. మార్నీ పుస్తకాల అలమరాల మధ్య కూర్చుని హోంవర్క్ చేసుకుంటోంది. అంటే, పెన్సిలు కొరుకుతూ పెద్దవాళ్ల మాటలు వింటోంది.

"వచ్చే మంగళ, బుధవారాల్లో నాలుగో తరగతికి రాష్ట్రం వాళ్ల పరీక్షలు," అన్నారు క్రుప్కా సార్. "పట్నం బడిలో క్లాసుకి ఎనభై మంది. ఒకరికి మార్కులు తగ్గినా ఎవరికీ తెలీదు. మనకున్నది ఎనిమిది మంది. ఒక్కరితోనే మొత్తం సగటు పడిపోతుంది."

"ఈసారి కూడా పడిపోతే?" అడిగింది జోలీన్.

"వరసగా మూడో ఏడాది అవుతుంది. చిన్న క్లాసుల్ని ఆల్డర్‌టన్ బడిలో కలిపేద్దామనే మాట మళ్లీ లేస్తుంది."

ఆల్డర్‌టన్ ఇక్కడికి యాభై మైళ్లు. మార్నీ పెన్సిలు కొరకడం ఆపింది. ఆ ఒక్కరు ఎవరో తనకు తెలుసు. భిన్నాలంటే తనకు వణుకు. కిందటి టెస్టులో నలభై వచ్చాయి.

నోట్‌బుక్‌లోంచి కాగితం చింపి లెక్క వేసింది. క్లాసులో ఉన్నదే ఎనిమిది మంది, అందరి మార్కులూ అందరికీ తెలుసు. మిగతా ఏడుగురివీ కలిపితే ఐదు వందల అరవై. తన నలభై కూడా కలిపితే ఆరు వందలు. పైన ఆరు వందలు, కింద ఎనిమిది. సగటు డెబ్భై ఐదు. మరి తను లేకపోతే? పైన ఐదు వందల అరవై, కింద ఏడు. సగటు ఎనభై.

రెండుసార్లు సరిచూసుకుంది. సందేహం లేదు. తను వెళ్లకపోతేనే బడికి మంచిది. మంగళవారం నాడు బటన్‌కి జబ్బు చేయడం అప్పుడే ఖాయమైపోయింది.

మంగళవారం పరీక్ష పది గంటలకు. పిల్లలకు తలో అరటిపండు ఇద్దామని నేను నాలుగో తరగతి గదికి వెళ్లాను. విల్మా టీచర్, క్రుప్కా సార్ ఖాళీ కుర్చీ దగ్గర నిలబడి ఉన్నారు.

"మార్నీకి దూడ ఉంది సార్. భలే ఛాన్సులే," అన్నాడు పక్క కుర్చీలోని కార్బిన్.

టీచర్ మార్నీ డెస్కు తెరిచింది. పైనే ఆ కాగితం ఉంది. చదివి, క్రుప్కా సార్‌కి ఇచ్చింది.

"ఈ పిల్లేనండీ, నాకు భిన్నాలు రావు మొర్రో అని నెల రోజుల నుంచి ఏడుస్తున్నది," అంది.

క్రుప్కా సార్ చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నవ్వొచ్చిందో, ఇంకేమొచ్చిందో నాకు తెలియదు. కాగితం జేబులో పెట్టుకుని పికప్ ట్రక్కు తాళాలు తీశారు.

"నేను వచ్చేదాకా పరీక్ష మొదలుపెట్టకండి. ఆలస్యమైతే సూపరింటెండెంట్‌ని నేనే కదా, నన్నెవరు తిడతారు?"

"నేను తిడతాను. మధ్యాహ్నానికి వండిన చిల్లీ చల్లారిపోతుంది," అన్నాను.

కొట్టంలో జరిగింది తర్వాత నాకు మార్నీయే చెప్పింది.

క్రుప్కా సార్ టైతో, రబ్బరు బూట్లతో లోపలికి వచ్చారు. కోప్పడలేదు. గడ్డిమోపు మీద మార్నీ పక్కన కూర్చున్నారు.

"రోగి ఎలా ఉంది?" అని అడిగారు.

మార్నీ ఖాళీ సీసాను వెనక్కి దాచింది. ఈలోగా రోగి వచ్చి ఆయన టై కొస నోట్లో పెట్టుకుని చప్పరించడం మొదలుపెట్టింది.

"ఆకలి బాగానే ఉన్నట్టుందే," అంటూ ఆయన జేబులోంచి కాగితం తీశారు. మార్నీ మొహం ఎర్రబడింది.

"లెక్క బాగా చేశావు. ఒక్కటే తప్పుంది. ఎక్కడో చెప్పు."

"తప్పేం లేదు సార్. రెండుసార్లు చూసుకున్నా."

"ఇక్కడ కింద ఏడు ఎందుకు వేశావు?"

"నేను రాను కదా. అప్పుడు ఏడుగురే."

"రాకపోతే నువ్వు మన బడి పిల్లవి కాకుండా పోతావా? రిజిస్టర్లో నీ పేరుంది. క్లాసులో నీ కుర్చీ ఉంది. రాని పిల్లకి రాష్ట్రం వాళ్లు పైన సున్నా వేస్తారు. కింద మాత్రం ఎనిమిదే ఉంటుంది. నువ్వొచ్చినా ఎనిమిదే, ఇక్కడ దాక్కున్నా ఎనిమిదే. గత రెండేళ్లూ మన సగటు పడిపోయింది అందుకే. ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు దూడ కోసం ఉండిపోయారు. మీటింగులో అదీ చెప్పాను. అప్పటికి నువ్వు ఈ లెక్కలో మునిగిపోయి ఉంటావు."

మార్నీ ఆయన పెన్సిలు తీసుకుంది. పైన ఐదు వందల అరవై. గీత. కింద ఎనిమిది. పెదవులు చిన్నగా కదిలాయి.

"డెబ్భై," అంది. "అంటే నేను రాకపోతే తగ్గుతుందా?"

"ఐదు తగ్గుతుంది. నీకు నలభయ్యే వచ్చినా సరే, నువ్వొస్తే డెబ్భై ఐదు."

"కానీ నాకు భిన్నాలు రావు సార్."

"మరి ఇవి చేసిందెవరు? బటనా?"

మార్నీ కాగితం వంక చూసింది. పైన ఒక అంకె, మధ్యలో గీత, కింద ఒక అంకె. నిజమే, ఇవి భిన్నాలే. ఇన్నాళ్లూ అవి పుస్తకంలో మాత్రమే ఉంటాయనుకుంది. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

దొడ్డి దగ్గరకు వెళ్లి వాళ్ల నాన్నతో చెప్పేసింది. "నాన్నా, బటన్‌కి ఏం కాలేదు. నేను అబద్ధం చెప్పాను."

"దాని పొట్ట చూస్తే ఆ మాత్రం తెలీదా, డోలులా ఉంది. సంగతేంటో సాయంత్రం అమ్మా నేనూ వింటాం. ముందు బూట్లు మార్చుకుని బడికెళ్లు," అన్నాడాయన.

బూట్లు మార్చుకునే టైం ఎక్కడిది? ఆ పేడ బూట్లతోనే వచ్చి కూర్చుంది. కార్బిన్ ముక్కు మూసుకుని, ఒక్క చేత్తోనే పరీక్ష రాశాడు.

పరీక్షల రోజుల్లో మా బడిలో చిల్లీ, పక్కన దాల్చినచెక్క వేసిన సినమన్ రోల్ ఉంటాయి. మాంసం, రాజ్మా వేసి వండిన వేడివేడి చిల్లీలో తియ్యటి రోల్ ముంచుకుని తినడం ఇక్కడి పిల్లలకు ప్రాణం.

"ఎలా రాశావే?" అని అడిగాను.

"రెండు ప్రశ్నలు తెలీలేదు ఆంటీ. అయినా ఖాళీగా వదల్లేదు," అంది మార్నీ, మూతికి చక్కెర అంటించుకుని.

మర్నాడు బుధవారం. ఆ రోజు చదివి జవాబులు రాసే పరీక్ష. బస్సు కార్బిన్ వాళ్ల గేటు ముందు ఆగింది. కార్బిన్ లేడు. క్రుప్కా సార్ హారన్ కొట్టారు.

"మీరెళ్లిపోండి సార్. ఇక్కడ ఆవు ఈనబోతోంది," అని దొడ్లోంచి కార్బిన్ గొంతు వినిపించింది.

మార్నీ లేచి నిలబడింది. "సార్, రెండు నిమిషాలు ఆగండి. నేను చూసొస్తా."

కార్బిన్ కంచె పక్కన నిలబడి ఒక ఎర్రటి పశువు మెడ నిమురుతున్నాడు.

"ఎప్పుడు ఈనుతుంది?" అడిగింది మార్నీ.

"ఏ నిమిషమైనా ఈనొచ్చు. నేను పక్కనే ఉండాలి."

"కార్బిన్. అది ఎద్దు."

కార్బిన్ కిందికి వంగి చూశాడు. ఎద్దు తాపీగా గడ్డి నములుతోంది.

"తొందరలో చూసుకోలేదు," అన్నాడు. ఆ తర్వాత తల దించుకున్నాడు. "నేను చదవడం లేటు. మీరందరూ రెండో పేజీలో ఉంటే నేనింకా మొదటి పేరాలోనే ఉంటా. నా వల్ల మన క్లాసుకి తగ్గుతుంది. వచ్చే ఏడాది అందరం ఆల్డర్‌టన్ పోవాలి."

మార్నీకి నవ్వు రాలేదు. నిన్నటిదాకా తను అనుకున్న మాటలే అవి. అక్కడే కూర్చుని పుల్లతో మట్టిలో ఒక గీత గీసింది. గీత కింద ఎనిమిది వేసింది.

"నువ్వు వచ్చినా రాకపోయినా కింద ఎనిమిదే ఉంటుంది. పైన నువ్వు ఎంత తెచ్చినా మనకి లాభమే."

"అంటే?"

"బస్సులో చెప్తా. ముందు పద."

"నా బూట్లకి పేడ ఉంది."

"నిన్న నావి భరించావుగా. ఇవాళ నా వంతు," అని మార్నీ అతని బ్యాగు భుజానికి తగిలించుకుంది.

ఫలితాలు వేసవిలో వచ్చాయి. సగటు డెబ్భై ఎనిమిది. ఆల్డర్‌టన్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఆ రోజు క్రుప్కా సార్ బస్సుని ఊరి చుట్టూ రెండుసార్లు హారన్ కొట్టుకుంటూ తిప్పారు. నాకు మాత్రం ఆ బుధవారం మధ్యాహ్నమే ఎక్కువ గుర్తుంది.

నాలుగో తరగతి బల్ల మీద ఎనిమిది పళ్లేలు పెట్టాను. ఏడుగురు వచ్చారు. కార్బిన్ ఇంకా చివరి పేజీలో ఉన్నాడట. ఆరుగురు తినేసి ఆటకి పరిగెత్తారు. మార్నీ తన రోల్ ముట్టుకోలేదు. నన్నడిగి ఇంకో పళ్లెం తీసుకుని, కార్బిన్ రోల్ చల్లారకుండా దాని మీద బోర్లించి, తలుపు వైపు చూస్తూ కూర్చుంది.