ఐదుగురిలో మూడోవాడు

పియానోలు బాగుచేసే పెద్దాయన బొటనవేలిని వేలిముద్రకే తెరుచుకునే ఆయన డిజిటల్ కీ మీద బలవంతంగా నొక్కించారు. పని కాగానే లిఫ్టులోనే కాల్చేశారు. అప్పటికి ఉదయం పదిన్నర.

పదకొండుకు ఏజెంట్ చీమ చీఫ్ ఎదుట నిలబడ్డాడు. మనిషి పొట్టి, పేరు అందుకే.

పారిపోయినవాళ్ళు, రహస్యంగా వార్తలు పంపేవాళ్ళు నలభై వేలమంది ఒక నెట్‌వర్క్ చాటున బతుకుతున్నారని చీఫ్ చెప్పాడు. దానికి దేశదేశాల్లో వేల సర్వర్లున్నాయి. వాటిలో ఏవి నమ్మదగినవో చెప్పే లిస్ట్‌ని గంటగంటకూ సైన్ చేసేవి మాత్రం ఐదుగురి దగ్గరున్న ఐదు కీలే. మూడు కలిస్తే వాటి మాటే వేదం. పరాయి ముఠా ఇప్పటికే రెండు తెరిచేసింది, రెండోది ఈ ఉదయం చంపిన పియానో పెద్దాయనది. మూడోదీ తెరిస్తే పన్నెండింటికి లిస్ట్ నిండా వాళ్ళ సర్వర్లే, నలభై వేల అడ్రసులూ వాళ్ళ గుప్పిట్లోనే.

"ఇన్ని వేల సర్వర్లు పెట్టి, చివరికి ఐదుగురి మెడకు చుట్టారా సార్?"

"కట్టినప్పుడు ఐదుగురూ స్నేహితులు."

మూడోవాడు పళ్ళ డాక్టరు. డిపార్ట్‌మెంటు అందగత్తె వెన్నెల అక్కడ నర్సు వేషంలో కాపలా ఉంది.

చీమ చెంపకు కట్టు కట్టుకుని క్లినిక్‌లోకి వెళ్ళి, "జ్ఞానదంతం" అన్నాడు. "కుడివైపుదేనా?" అంటూ వెన్నెల నవ్వింది. కోడ్ సరిపోయింది. ఆమె కోటు అంచున నెత్తురు మాత్రం ఇంకా ఆరలేదు.

అతను తుపాకీ తీసేలోపే ఆమె పేల్చింది. భుజం చీలి, చీమ లోపలి గదిలో కూలాడు. డాక్టరు తన కుర్చీకే టేపుతో కట్టేసి ఉన్నాడు. నోట్లో నెత్తురు. కీ ఎక్కడుందో చెప్పమని ఆయన్ని హింసించిన డ్రిల్ పక్క ట్రేలోనే ఉంది. పన్నెండుకు రెండు నిమిషాలు తక్కువ.

"కదలకండి సార్, తొందరగా అయిపోతుంది," అంటూ వెన్నెల డాక్టరు కుడిచేతి టేపు కోసి, ఆయన జేబులో వెతికి కీ బయటికి తీసింది.

డ్రిల్ పెడల్ చీమ మోచేతి దగ్గరే ఉంది. ఒళ్ళంతా బరువేసి నొక్కాడు. డ్రిల్ గీపెట్టింది. డాక్టరు ఒక్క క్షణం చూశాడు. తర్వాత తన బొటనవేలిని తనే దానికి ఆనించి అదిమిపట్టాడు. చర్మం లేచిపోయింది, గీతలన్నీ పోయాయి. 

వెన్నెల కోపంతో ఆయన నుదుటికి గురిపెట్టింది. చీమ ఆమె చీలమండ పట్టి లాగాడు. ఆమె తల స్టీలు బేసిన్ అంచుకు కొట్టుకుంది. పెనుగులాటలో తుపాకీ ఆమె గొంతు కిందే పేలింది.

పన్నెండు దాటింది. కింద పడిన కీ మీది దీపం ఎర్రగానే ఉంది, అది తెరుచుకోలేదు.

సాయంత్రం చీఫ్ ఆస్పత్రికి వచ్చాడు. ముఠా చేతిలో రెండు కీలు, ఇటువైపు రెండు; ఎవరికీ మూడు కుదరక లిస్ట్ ఆగిపోయింది. నెట్‌వర్క్ మూగబోయింది, కానీ ఒక్కరూ దొరకలేదు. కొత్త కీకి ఎడమ బొటనవేలి ముద్ర ఇస్తారా అని డాక్టర్ని మెల్లగా అడిగాడు.

"ముందు ఐదుగురికి బదులు ఐదు వందలమందిని పెట్టండి బాబూ. అప్పుడు ఇస్తాను."

కమిటీతో మాట్లాడి చెబుతానన్నాడు చీఫ్. ఆ కమిటీలో ఉన్నది చీఫ్ ఒక్కడే.