కొత్తవాడలో మసకబారిన నక్షత్రం

"జర ఆ మోటర్ బంద్ చేస్తరా? నా నక్షత్రం ఖరాబైతాంది!"

కొత్తవాడలోని ఒక పవర్‌లూమ్ షెడ్డు గుమ్మంలో నిలబడి సారంగపాణి అరిచిన మొదటి మాట ఇది. మగ్గం చప్పుడులో సగమే వినబడింది. మగ్గం నడుపుతున్న అమ్మాయి స్విచ్ ఆపి, పాపం ఎండదెబ్బ తగిలిందేమోనన్నట్టు చూసింది.

"ఏం ఖరాబైతాంది?"

"నక్షత్రం. అంటే... బల్బు."

"బల్బు ఖరాబైతే దుకాణానికి పోవాలె. మా మగ్గం ఏం చేస్తది?"

ఆమె కళావతి, షెడ్డు యజమాని పర్శరాములుకు ఒక్కగానొక్క కూతురు. ఇంటర్ పాసై, సాయంత్రాలు పనివాళ్లు వెళ్లాక ఒక మగ్గం తానే నడుపుతుంది. సారంగపాణి పాలకుర్తి నుంచి వచ్చి ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతూ, వాళ్ల పక్కింట్లో గది అద్దెకు తీసుకున్నాడు.

అది ఎనభై నాలుగో సంవత్సరం. అమెరికావాళ్లు అంతరిక్షంలోకి పంపడానికి పెద్ద టెలిస్కోప్ తయారుచేస్తున్నారని చదివినప్పటి నుంచి అతనికి ఒకటే పిచ్చి. దూరపు నక్షత్రాల చుట్టూ కూడా మన భూమిలాంటి గ్రహాలు తిరుగుతుంటే? వాటిని కనిపెట్టే ఉపాయం ఒకటి సెమినార్‌లో చూపించాలని గదిలో బల్బు వెలిగించి, దాని చుట్టూ గోలీ తిప్పుతూ, ఎదురుగా వెలుతురు కొలిచే మీటర్ పెట్టుకున్నాడు.

"గ్రహం కండ్లకు కనవడది," అని ఆవేశంగా వివరించాడు. "నక్షత్రానికి అడ్డమొస్తే వెలుగు జరంత తగ్గుతది. ఆ తగ్గుడును చూసి, అగో, అక్కడేదో ఉన్నదని పట్టుకుంటం."

"మరి తగ్గుతలేదా?"

"గోలీ అడ్డం రాకున్నా తగ్గుతాంది! మీరు మోటర్ వేసినప్పుడల్లా!"

రెండిళ్లకూ కరెంటు ఒకే స్తంభం నుంచి వస్తుంది మరి; మోటర్ కరెంటు లాగితే అతని బల్బు మసకబారుతుంది. కళావతి నవ్వాపుకోలేక వోణీ నోటికి అడ్డం పెట్టుకుంది. "అయితే ఆ గ్రహం నేనేనన్నట్టు!"

అతనికి ఇంకా కోపం రావలసిన మాటే అది. ఎందుకో రాలేదు. అయినా పట్టువదలకుండా పర్శరాములు దగ్గరికి వెళ్లి, "కాకా, మాపటిపూట మోటర్ నడిస్తే నా చదువు సాగుతలేదు" అని మొరపెట్టుకున్నాడు. ఆయన "చూద్దాంలే బిడ్డా" అని ఊరుకున్నాడు.

ఆ తర్వాత గోలీ తిరగడం మానేసింది. సారంగపాణి సాయంత్రం కాగానే మీటర్ ముందు కూర్చుని ముల్లు వాలడం కోసం చూడసాగాడు. వాలిందంటే కళావతి మగ్గం దగ్గరికి వచ్చిందన్నమాట. ఆ రోజుకు అతని ప్రాణం కుదుటపడేది.

"నిన్న దారాలు శాన తెగినట్టున్నయి?" అన్నాడొకరోజు వాకిట్లో కనబడితే. "ఊకె ఆపుకుంట, వేసుకుంట ఉన్నవు."

"గోడవతల ఉన్నోనికి ఎట్ల తెలిసింది?"

"టెలిస్కోప్‌ల చూసిన."

"గంత పెద్ద సైంటిస్టువు. ఒకటి చెప్పు. మా బాపును కాకా అంటవు గద, మరి నేను నీకేమైత?"

అనేసి తుర్రుమంది. ఆ ప్రశ్న ఎమ్మెస్సీ బుర్రకెక్కేసరికి అన్నం వేళ దాటింది. కాకా అంటే చిన్నాన్న, ఆయన కూతురంటే చెల్లెలు. సారంగపాణి తల పట్టుకున్నాడు.

తెల్లారి సాయంత్రం ముల్లు వాలలేదు. ఆ మర్నాడూ వాలలేదు. బల్బు నిండుగా వెలుగుతుంటే అతనికి లోకమంతా చీకటిగా తోచింది. ఇక ఉండబట్టలేక పక్కింటికి పరుగెత్తాడు.

"రా బిడ్డా, ఇప్పుడు ఖుషేనా?" అని ఆప్యాయంగా పలకరించాడు పర్శరాములు. "నువ్వు చెప్పింది మొన్న యాదికొచ్చింది. మాపటిపూట మగ్గం కాడికి పోవద్దన్న పిల్లను. ఇంకో ముచ్చట, ఐతారం దాన్ని చూడనీకి జనగామోళ్లు వస్తాండ్లు. బట్టల దుకాణం ఉన్నదట. నువ్వు గూడ ఉండాలె, దానికి అన్నసొంటోనివి."

"కాకా..." అన్నాడు సారంగపాణి. ఇప్పుడు నోరు విప్పకపోతే కళావతి తనది కాకుండా పోతుంది. పిలుపు మార్చాడు. "మామా!"

పర్శరాములు చేతిలోని బీడీ నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. కొత్తవాడలో ఆ పిలుపుకు వివరణ అక్కర్లేదు.

"ఇప్పటిదాక కాకానే గదరా?"

"తప్పైంది మామా. తొల్తనే చూసుకొని పిలవాల్సింది."

"ఆ గ్రహాలు ఇప్పటికి ఎన్ని దొరికినయి?"

"ఒక్కటి గూడ దొరకలే. ఎవలకు దొరకలే."

"టెలిస్కోప్ పైకెప్పుడు పోతది?"

"ఎప్పటికప్పుడు లేటైతాందంటాండ్లు."

"ఇసొంటోనికి పిల్లనెట్ల ఇయ్యాల్రా?"

"లెక్చరర్ నౌకరికి అర్జీ పెడ్త మామా. గ్రహాలను సెలవుల పూట ఎతుక్కుంట."

పర్శరాములు మీసం కింద నవ్వు దాచుకుని లోపలున్న కూతురికి కేకేశాడు. "ఏమే, నువ్వేమంటవ్?"

కళావతి తలుపు చాటు నుంచి బయటికి వచ్చింది. ఈసారి నవ్వడం లేదు.

"బాపూ, దారం తెగితేనే మగ్గం ఆపాలె గద?"

"ఔ."

"నేను తెగకున్నా ఆపిన. ఆపి, మల్ల వేసిన. నేనీడనే ఉన్ననని ఆయనకు తెల్వాలని."

అంటే ముల్లు అన్నిసార్లు వాలింది దారాలు తెగి కాదు! సారంగపాణికి సంతోషంతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

పర్శరాములు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "గుడ్డ తక్కువ దిగుతాందని నేను మగ్గాన్ని తిట్టవడితి, మెకానిక్కును తిట్టవడితి!" అంటూ లేచి చెప్పులు వేసుకున్నాడు. "ఐతారం రావద్దని జనగామోళ్లకు చెప్పొస్త. అల్లుడా, లోపలికొచ్చి కూసో. అదింత చాయ్ పోస్తది."