తప్పిన రెండు గోళీలు

ఆదివారం పొద్దున. చిట్కుల్‌లోని ఇంట్లో ముత్యమ్మ జొన్నరొట్టెలు చేస్తోంది. ఆమె భర్త నాగయ్య గోడకు ఆనుకుని దగ్గుతున్నాడు. ఊపిరితిత్తుల క్యాన్సర్ బయటపడ్డాక, రోజుకొక గోళీతో పద్నాలుగు నెలలు బాగానే తిరిగాడు. ఇప్పుడు గడ్డ మళ్లీ పెరిగింది, ఛాతీలో నీరు చేరింది. ఆ నీరు తీసి జన్యుపరీక్ష చేస్తే మందు ఎందుకు పనిచేయడం లేదో తెలుస్తుందన్నాడు డాక్టరు. కొడుకు నవీన్‌కుమార్ మాత్రం ఆ పరీక్షను వారం నుంచి వాయిదా వేస్తున్నాడు.

మందుల సంచి సర్దుతున్న కోడలు రేఖకు పాత గోళీల షీటు ఒకటి దొరికింది. అందులో రెండు గోళీలు అలాగే ఉన్నాయి.

"ఇవెందుకు మిగిలినయమ్మా?" నవీన్ షీటు లాక్కున్నాడు.

"ఏడుపాయల జాతరకు పోయిననాడు ఇంట్లనే మరిచిన బిడ్డా. రెండు రోజులు తప్పినయి."

"ఇగ మందెట్ల పనిచేస్తది? నీ చేతులతోనే నాయిన పానం ఖరాబు చేసినవు!"

"ఊకో రా," అన్నాడు నాగయ్య. నవీన్ బండి తీసి వెళ్లిపోయాడు. రొట్టె పెనం మీదే మాడిపోయింది.

ముత్యమ్మ కంది ఊరి దగ్గరి పెద్ద కాలేజీ ల్యాబులో గాజుసామాను కడుగుతుంది. అక్కడ పరిశోధన చేసే నిషితను మూడేళ్లుగా చూస్తున్నా, ఏం చేస్తున్నావని ఎన్నడూ అడగలేదు. సోమవారం అడిగింది.

"జెర చెప్పు బిడ్డా, గా పెట్టెల ఏం పెంచుతున్నరు?"

"క్యాన్సర్ కణాలు ముత్యమ్మగారూ. ఒక్కో కణంలో ఒక్కో జన్యువును పనిచేయకుండా చేస్తాం, అలా వేలల్లో. తర్వాత అన్నిటి మీదా ఒకే మందు పోసి, ఏవి చస్తాయో ఏవి బతుకుతాయో చూస్తాం."

"సూస్తే ఏం తెలుస్తది?"

"మందుకు లొంగని కణం ఏ జన్యువు ఆసరాతో బతుకుతోందో తెలుస్తుంది. అప్పుడు ఆ ఆసరాను దెబ్బకొట్టే ఇంకో మందు వెతకొచ్చు."

ముత్యమ్మకు చేను గుర్తొచ్చింది. "పత్తిచేన్ల గడ్డిమందు కొడితే కొంత గడ్డి సావదు. మల్లొచ్చే ఏడు గదే చేనంత అయితది. గట్లనా?"

"అచ్చం అట్లాగే!" నిషిత సంబరపడింది.

"మరి రెండు రోజులు గోళీ తప్పితే గా సావని గడ్డి పుడ్తదా?"

నాగయ్య జబ్బు సంగతి తెలిసిన నిషితకు ఆమె ఎందుకు అడుగుతోందో అర్థమైంది. ఆమెను పక్కన కూర్చోబెట్టింది. "నేను డాక్టర్ని కాదు. కానీ ఒక్కరోజు కూడా తప్పకుండా వేసుకున్నవాళ్లకూ ఇలా అవుతుంది. అలాంటి కణాలు ముందునుంచే కొన్ని ఉండొచ్చు. ఆ రెండు రోజుల వల్లే అని ఎవరూ అనలేరు. డాక్టరు చెప్పిన పరీక్ష చేయించండి. కొన్ని మార్పులకు ఇప్పటికే మందులున్నాయి."

ముత్యమ్మ కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చింది.

సాయంత్రం ఇంట్లో ఆమె అదంతా చెబుతుంటే రేఖ పని వదిలి వచ్చి కూర్చుంది. నవీన్ గడప దగ్గరే నిలబడి విన్నాడు.

"పరీక్ష చేపిద్దాం రా," అంది ముత్యమ్మ. "మందు ఉంటే ఉంటది, లేకుంటే లేదు. తెల్వకుండ ఒకలనొకలం అనుకునుడెందుకు?"

"నాకు భయమైతుందమ్మా," అన్నాడు నవీన్. "రసాయనాల కంపెనీల నాయినను పనికి పెట్టిచ్చింది నేనే. గా రసాయనాలతోనే రోగమొచ్చిందని పరీక్షల బయటపడితే? అందుకే తప్పు నీమీదికి నెట్టిన."

నాగయ్య కొడుకును దగ్గరికి పిలిచాడు. "గా కంపెనీకి నేను నా కాళ్లతోని నడిసిపోయిన. నువ్వు ఎత్తుకపోయినవారా? రేపే దవాఖానకు పోదాం."

నవీన్ తల్లి ఒడిలో తల పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

పదిహేను రోజులకు రిపోర్టు వచ్చింది. మారిన జన్యువు ఏదో దొరికింది. దానిమీద పనిచేసే గోళీ ఉందని, అయితే ఎంతకాలం పనిచేస్తుందో చెప్పలేనని డాక్టరు అన్నాడు. ఛాతీలో మళ్లీ చేరిన నీటిని ఆ రోజే ఒక సీసాలోకి తీశారు.

నాగయ్య ఆ సీసా వైపు చూశాడు. "ఇది పారబోస్తరా సారూ? మా ఆమె పనిచేసే కాడ ఇండ్ల ఉండే కణాలసుంటివే సూస్తరంట. ఆళ్లకియ్యరాదు?"

డాక్టరు ఆశ్చర్యపోయాడు. "మీరు సంతకం పెడితే పరిశోధనకు ఇవ్వొచ్చు. మీకు మాత్రం దానివల్ల లాభం ఉంటుందని చెప్పలేను."

నవీన్ ఆ కాగితాన్ని ప్రతి అక్షరం చదివి వినిపించాడు. నాగయ్య పెన్ను అందుకున్నాడు.

"మాకు కాకుంటే ఏమాయె. మందు ఎందుకు పనిచేస్తలేదని ఇంకోలింట్ల తల్లీకొడుకులు కొట్లాడుకోకపోతే సాలు," అంటూ వంకర అక్షరాలతో సంతకం చేశాడు.