సీసాలో ఆయుష్షు

“ఇన్సులిన్ సూదులు పది, ఇంజెక్షన్ నీళ్లు ఒక సీసా ఇయ్యమ్మా.”

ఫోన్ చూసుకుంటూ అడిగిన ధనుంజయ తల ఎత్తేసరికి, మందుల షాపు కౌంటర్ వెనక ఇందు నిలబడి ఉంది. ఎనిమిది నెలల కిందట మదనపల్లెలో తనతో తాంబూలాలు మార్చుకున్న ఇందు.

“ముహూర్తం పెట్టుకుందామంటే మొగం సాటేస్తివి. సూదులకైతే నా అంగడికే వస్తివా?”

“నువ్వు... ఈడ?”

“పుంగనూరులో పనికి చేరి నెలైంది. ఫోనెత్తింటే తెలిసుండు. ఎవురికప్పా షుగరు?”

“నాకే.”

“డాక్టరు చీటీ?”

బయట తుంపర మొదలైంది. కుప్పంలో అందరూ తెలిసినవాళ్లేనని ఇంత దూరం వచ్చినవాడికి పారిపోయే దారి కూడా లేకపోయింది. అతడి సంచిలోంచి తొంగిచూస్తున్న చిన్న పెట్టెను ఇందు చనువుగా లాగింది. లోపల వేలెడంత సీసా, అడుగున తెల్లటి పొడి. పెట్టె మీది ఇంగ్లీషును ఆమె తెలుగులో చదివింది.

“పరిశోధనకు మాత్రమే. మనుషులకు వాడరాదు. ఏందిది?”

“పెప్టైడ్. వయసు మీద పడకుండా ఆపుతుందంట. ఆన్‌లైన్లో తెప్పించినా. ఎలకలకు పని చేసిందంట.”

“నువ్వెప్పుడప్పా ఎలకవైతివి?”

అతడు నవ్వలేదు.

“మా తాత నలభై మూడుకు పొయినాడు. మా నాయన నలభై ఒకటికి. మా అన్న ముప్పై ఎనిమిదికే, పెండ్లైన నాలుగేండ్లకే. అందరికీ గుండే. నాకిప్పుడు ముప్పై మూడు. మా వొదినను రోజూ సూస్తాండా ఇందూ. నిన్ను గూడా అట్ల చేయమంటావా?”

అతడి మనసులో ఇంకెవరో ఉన్నారని ఇన్నాళ్లూ కుమిలిపోయిన ఇందు చేతిలోని పెట్టెను కౌంటర్ మీద పెట్టేసింది.

“గుండె డాక్టరుకు సూపించుకుంటివా?”

“ఏం చెప్తాడోనని భయం.”

“ఊరూ పేరూ లేని పొడి పొడుచుకునేకి భయం లేదు. డాక్టరంటే భయమా!”

“మా పట్టుపురుగులకు మందు కొడితే ఒక దినం ఎక్కువ తిని, గూడు బరువుగా కడతాయి. మనిషికి మాత్రం యాల పని చేయదు?”

ఇందు పెట్టెను అతడి సంచిలోకి తోసేసింది. సూదులు మాత్రం ఇవ్వలేదు.

ఆదివారం నాన్నను వెంటబెట్టుకుని ఇందు కుప్పం దగ్గరి ధనుంజయ వాళ్ల ఊరికి వెళ్లింది. పురుగుల షెడ్డులో ధనుంజయతో పాటు వదిన మునిలక్ష్మి ఆకు వేస్తోంది. మిగతా పురుగులన్నీ చంద్రికలనే వెదురు తడికెల మీదికెక్కి గూళ్లు కట్టుకుంటున్నాయి. చివరి తట్టలోవి మాత్రం లావుగా, సోమరిగా ఆకుల్లోనే పొర్లుతున్నాయి.

“ఆ మందు ఒక్క దఫానే కొట్టాల పాపా. ఈయప్ప రెండు దఫాలు కొట్టె. ఒక దినం పెరిగితే మంచిదైనప్పుడు, నాలుగు దినాలైతే ఇంకా మంచిది గదా అని. సూడు, తింటానే ఉండాయి. గూడు కట్టేది మర్చేపొయినాయి” అంది మునిలక్ష్మి.

ఇందు ధనుంజయ వైపు చూసింది. అతడు తల దించుకున్నాడు.

“అక్కా, పెండ్లి యాల ఎనక్కి జరుపుతాండాడో తెలుసునా మీకు?” అని ఇందు జరిగిందంతా చెప్పింది.

మునిలక్ష్మి చేతిలోని మల్బరీ కొమ్మను పక్కన పెట్టింది.

“నన్ను సూసి భయపడితివా ధనుంజయా? నాలుగేండ్లేనని ముందే తెలిసున్నా, మీ అన్న చేత్తోనే తాళి కట్టించుకునుంటా. ఇన్నేండ్లు ఒకే ఇంట్లో ఉండాం. ఒక్కసారన్నా నన్నడిగితివా?”

“రేపే డాక్టరు దగ్గరికి పోతా వొదినా” అన్నాడు ధనుంజయ.

మరుసటి రోజే ధనుంజయ, ఇందు కుప్పంలో గుండె డాక్టరును కలిశారు. రెండు రోజులకు పరీక్షల ఫలితాలు వచ్చాయి. వంశంలో వచ్చే, రక్తంలో కొవ్వు పెరిగే జబ్బే. రోజూ మాత్ర, ఏడాదికోసారి పరీక్ష. “నూరేళ్లకు గ్యారంటీ ఇవ్వలేను. మీ నాన్నకు తెలియనిది మీకు ముందే తెలిసింది, అది చిన్న విషయం కాదు” అన్నాడు డాక్టరు. ఆయుష్షు పోసేది దేవుడేనని నమ్ముతాం. మరి ఆ మాత్రను కనిపెట్టే బుద్ధి మనిషికి పోసింది ఎవరు?

బస్టాండులో ధనుంజయ సీసాను ఇందు చేతిలో పెట్టాడు.

“నీ మీద ఆశ పెరిగేకొద్దీ సావంటే భయం పెరిగింది. అంతే ఇందూ.”

“ఈ మాట చెప్పేకి ఎనిమిది నెలలా!” ఆమె కళ్లు తడిశాయి. “నేను నూరేండ్లుంటానని నీకెవురన్నా రాసిచ్చినారా? ఉన్నన్ని దినాలు ఉందాం.”

మదనపల్లెలో ఇందు ఇంట్లో లగ్నపత్రిక రాసే రోజు. పత్రికకు పసుపు పెట్టడానికి ముత్తైదువలు ముందుకొచ్చారు. మునిలక్ష్మి వంటింటి గుమ్మం దాటి రాలేదు. ఇందు పసుపు గిన్నె, పత్రిక తీసుకుని నేరుగా ఆమె దగ్గరికే వెళ్లింది.

“అక్కా, మొదట మీరే పెట్టల్ల.”

“నేనా? వొద్దు పాపా, మంచిది గాదంటారు.”

“కాపురమంటే ఏమో మీకంటే ఎవురికి తెలుసు?”

ముత్తైదువలు ఒకరినొకరు చూసుకున్నారు. పంతులుగారు పంచాంగంలోంచి తల ఎత్తి చూసి, “కానీమ్మా, మంచి ఘడియ దాటిపోతాంది” అన్నారు.

మునిలక్ష్మి వేలిని పసుపులో ముంచింది.