పదిహేడో నంబరు స్లీపింగ్ బ్యాగ్

2006 డిసెంబరు 18, సోమవారం. ఉదయం 10.15.

ఢిల్లీ మునిర్కాలో ట్రెక్కింగ్ సామాను అమ్మే 'శిఖర ఔట్‌డోర్స్' షాపు ముందు లాండ్రీ వ్యాను ఆగింది. అద్దెకు వెళ్లివచ్చిన స్లీపింగ్ బ్యాగులు పన్నెండు ఉతుకుడికి వెళ్లాలి. లెక్కపెడితే పదకొండే ఉన్నాయి.

పదిహేడో నంబరుది లేదు.

స్టోర్‌రూమ్ తాళం పగలలేదు. కొత్త బ్యాగులు, ఖరీదైన బూట్లు, జీపీఎస్‌లు ఎక్కడివక్కడే ఉన్నాయి. పోయింది మాత్రం మూడేళ్లు వాడిన, పొగవాసన కొట్టే పాత బ్యాగు.

షాపు యజమాని ఫోన్ చేస్తే 11.30కి పద్మనాభం వచ్చాడు. ముప్ఫై ఏళ్లు పోలీసు సర్వీసు చేసి రిటైరై, మయూర్ విహార్‌లో ప్రైవేటు డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాడు. ఆయన జీవితంలో ఎక్కిన అతి ఎత్తయిన కొండ తన ఫ్లాటుకున్న మూడంతస్తుల మెట్లు. అవీ తిట్టుకుంటూనే ఎక్కుతాడు.

షాపు యజమాని రంగనాథ్ ఒకప్పుడు ఆర్మీలో కెప్టెన్. మూడు నెలల క్రితం ఆయన ఒక్కగానొక్క కొడుకు ఉదయ్‌కిరణ్ ఉత్తరాఖండ్‌కి ట్రెక్కింగ్ గ్రూపును తీసుకెళ్లాడు. కొండచరియ విరిగిపడి చనిపోయాడు. కర్మలు అయిన మర్నాడే రంగనాథ్ షాపు తెరిచాడు. ఆ తర్వాత కొడుకు పేరెత్తలేదు.

"దొంగ ఎవరో తెలుసండీ," అన్నాడు రంగనాథ్. "తాళంచెవులు రెండు. ఒకటి మా ఇంట్లో మేకుకి ఉంటుంది. రెండోది స్టోర్‌కీపర్ బసవపున్నయ్య దగ్గర. సాయంత్రం ఐదింటికి పోలీసులకి అప్పజెప్తా. మీరు సాక్ష్యం చూడండి చాలు."

"పాత బ్యాగు కోసం పోలీసులా?"

"తొమ్మిదేళ్లు నమ్మానండీ. ఇలాంటప్పుడు కూడా నన్నే మోసం చెయ్యాలా?"

గొంతులో కోపం ఉంది. కళ్లలో లేదు.

పద్మనాభం షాపులో ఒక మూల కూర్చున్నాడు. సేల్స్‌గాళ్ భవ్యశ్రీ ఒక కుర్రాడికి కొత్త బూట్లు తొడిగి, చెక్కతో కట్టిన చిన్న ఏటవాలు మీద నడిపిస్తోంది. బేర్ సరాయ్ నుంచి వచ్చిన తెలుగు స్టూడెంటు. వెళ్లేది రెండు రోజుల మనాలీ టూరు. చూస్తున్నది మంచుకొండ శిఖరాలకి వేసుకునే జాకెట్లు. ఢిల్లీలో ఈ వ్యాపారం ఇలాంటి వాళ్ల వల్లే నడుస్తుంది.

"స్లీపింగ్ బ్యాగ్ ఎలా దాచాలి దీదీ?"

భవ్యశ్రీ ఢిల్లీలో పుట్టిన పిల్ల. "ట్రెక్‌లో ఈ చిన్న సంచీలో కుక్కు, ఠీక్ హై. ఇంటికెళ్లాక ఘర్ మే మాత్రం తీసెయ్. లోపల బాతు ఈకలు కదా, నెలలు నలిగితే ఖతమ్. ఈ పెద్ద గుడ్డసంచీలో లూజ్‌గా పెట్టు."

పద్మనాభం విన్నాడు.

12.10. స్టోర్‌రూమ్. బసవపున్నయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. యాభై దాటిన మనిషి.

"శనివారం ఎన్నింటికి తాళం వేశారు?"

"ఏడూ నలభైకండి."

"అప్పుడు పదిహేడు ఉందా?"

"ఉతుకుడు కుప్పలో ఉందండి."

"ఆదివారం వచ్చారా?"

"లేదండి. నిన్న షాపు సెలవండి."

"మీరు తీశారా?"

"తియ్యలేదండి."

"ఎవరు తీశారో తెలుసా?"

బసవపున్నయ్య తల దించుకున్నాడు. "సార్ ఏం చేస్తే అది చెయ్యనీండి."

అబద్ధాలకోరుకి ప్రతి ప్రశ్నకీ జవాబు సిద్ధంగా ఉంటుంది. ఈయన ఒక్క ప్రశ్న దగ్గరే ఆగాడు.

మేకుకి పదిహేడో నంబరు చిన్న సంచీ ఖాళీగా వేలాడుతోంది. పక్క అరలో కొత్త గుడ్డసంచులు మడతపెట్టి ఉన్నాయి.

"ఇవెవరు కుడతారు?"

"అమ్మగారండి. ఛాయాదేవి గారు. శనివారం మధ్యాహ్నం ఐదు తెచ్చిచ్చారు."

పద్మనాభం లెక్కపెట్టాడు. నాలుగు. అప్పటిదాకా ఎవరూ వాటి వంక చూడనే లేదు.

తర్వాత అద్దె రిజిస్టరు అడిగాడు. పదిహేడు ఎదురుగా ఉన్న సంతకం చదివాడు. రిజిస్టరు మూసి, కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

4.30. అందరూ స్టోర్‌రూమ్‌లో ఉన్నారు. పద్మనాభం కబురు పెడితే రంగనాథ్ భార్య ఛాయాదేవి కూడా శాలువా కప్పుకుని వచ్చింది. ఈ దొంగతనం గొడవేదీ ఆమెకి తెలియదు.

"బ్యాగు దొంగతనం కింద బసవపున్నయ్య గారిని అరగంటలో స్టేషన్‌కి పంపుతున్నారమ్మా," అన్నాడు పద్మనాభం.

"బసవపున్నయ్య గారినా?" ఆమె మొహం పాలిపోయింది. "అయ్యో! నేనే తీశానండీ!"

రంగనాథ్ కొయ్యబారిపోయాడు.

పద్మనాభం మేకు మీది సంచీ తీశాడు. "అమ్ముకునేవాడు ఇందులో కుక్కి చంకన పెట్టుకుపోతాడు. తీసినవాళ్లు దీన్ని వదిలేసి, పెద్ద గుడ్డసంచీ తీసుకెళ్లారు. అంటే ఆ బ్యాగుని ఏళ్లపాటు దాచుకోవాలని. ఇంట్లో మేకు మీది తాళంచెవి మీ ఒక్కరికే అందుతుందా, కెప్టెన్ గారూ?"

రంగనాథ్ భార్య వైపు చూశాడు.

"కొత్తవి వదిలి, ఉతకనిదే ఎందుకు? ఉతుకుడు లిస్టు మీరే రాశారు. నంబర్లు రాశారు. ఎవరు పడుకున్న బ్యాగో చూశారా?"

రిజిస్టరు తెరిచి ముందుపెట్టాడు. పదిహేడు. ఎదురుగా ఉదయ్‌కిరణ్ సంతకం.

"రోడ్డు బాగుపడ్డాక, పోయిన నెల గ్రూపు సామానంతా తిరిగొచ్చింది కదా," అంది ఛాయాదేవి. "శనివారం సంచులు ఇవ్వడానికొస్తే కుప్పలో కనబడింది. జిప్పు పక్కన నేను పచ్చదారంతో వేసిన కుట్టు. వాసన చూశాను. మన వాడే. సోమవారం ఉతికేస్తారని తెలిసింది. నిన్న మధ్యాహ్నం మీరు పడుకున్నప్పుడు వచ్చి తీసుకెళ్లాను."

"నాకు చెప్పొచ్చు కదా, ఛాయా."

"ఎలా చెప్పనండీ? వాడి పేరెత్తితే మీరు లేచి వెళ్లిపోతున్నారు."

రంగనాథ్ బసవపున్నయ్య వైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

"అమ్మగారు ఆ బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం శనివారం చూశానండి. చెబితే మీరు ఉతికించేస్తారేమోనని..."

రంగనాథ్ అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. "తప్పయిపోయింది బసవపున్నయ్యా. క్షమించు." మూడు నెలలుగా బిగబట్టిన ఏడుపు అప్పుడు వచ్చింది.

5.20. ఇల్లు షాపుకి పది నిమిషాల దూరం. పద్మనాభాన్ని కూడా రమ్మన్నారు. ఈసారి ఆయన వాళ్లింటి మెట్లు తిట్టుకోకుండా ఎక్కాడు.

ఉదయ్‌కిరణ్ గదిలో బీరువా ముందు ఛాయాదేవి ఆగింది.

"ఎక్కువసార్లు తెరిస్తే వాసన పోతుందండీ. అందుకే రోజుకి ఒక్కసారే అనుకున్నాను. ఇవాళ ఇంకా తెరవలేదు." ఆమె పక్కకి జరిగింది. "మీరు తెరవండి."

రంగనాథ్ బీరువా తెరిచాడు. గుడ్డసంచీ ముడి విప్పి, మొహం లోపల పెట్టాడు. కట్టెల పొగ, చెమట, కొడుకు తలకి రాసుకునే కొబ్బరినూనె.

పద్మనాభం గుమ్మం బయటే ఉండిపోయాడు.

"ఉన్నాడు, ఛాయా," అన్నాడు రంగనాథ్, తల ఎత్తకుండానే.

"ఉన్నాడండీ. కొంచెమే ఉన్నాడు," అంది ఆమె. "త్వరగా మూసెయ్యండి."